లిటరేచర్ రివ్యూ జాబితాలా ఉందంటున్నారు: కౌలు రైతుల అప్పులపై థీసిస్, రెండో అధ్యాయం తిరగరాయడం ఎలా?

మెట్టపొలం

అందరికీ నమస్కారం. విభాగం అర్థశాస్త్రం, అంశం ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల అప్పులు. నాలుగు గ్రామాల్లో 120 కుటుంబాల సర్వే పూర్తయింది. థీసిస్ ఇంగ్లీషులో. సాహిత్య సమీక్ష అధ్యాయం 58 పేజీలు వచ్చింది. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ సమావేశంలో వచ్చిన మాట ఒక్కటే: "ఇది సమీక్ష కాదు, జాబితా. మీ వాదన ఎక్కడ?"

దాదాపు ప్రతి పేరా ఇలాగే నడుస్తోంది (పేర్లు తీసేసి క, చ, ట అని పెట్టాను, ఏళ్ళు కూడా ఊరికే వేసినవి):

"క (2006) ఒక జిల్లాలో కౌలు రైతులపై అధ్యయనం చేసి వారికి బ్యాంకు రుణం అందడం లేదని కనుగొన్నారు. చ (2012) డెల్టా గ్రామాల్లో అధ్యయనం చేసి కౌలు సాగు పెరిగిందని తెలిపారు. ట (2017) వడ్డీ వ్యాపారుల పాత్రను పరిశీలించారు."

వాక్యాలు తప్పేమీ కావు. దీన్ని వాదనగా మార్చే పని ఎక్కడ మొదలవుతుందో చెప్పగలరా? రీసెర్చ్ గ్యాప్ ఎలా రాయాలి, సిమిలారిటీ శాతం (ఇతరుల రాతలతో మన మాటలు ఎంత కలిశాయన్న లెక్క) ఎలా చూస్తారు అన్నవి కూడా తెలియాలి.

నల్లబల్ల

మెట్టపొలం గారూ, వాక్యాలు దిద్దితే ఇది బాగుపడదు. లోపం అంతకు ముందున్న మెట్టులో ఉంది, నోట్సు రాసుకున్న తీరులో. ఒక్కో పత్రానికి ఒక్కో పేజీ చొప్పున సారాంశం రాసుకుంటే అధ్యాయం కూడా ఒక్కో పత్రానికి ఒక్కో పేరాగానే బయటికి వస్తుంది.

ఎక్సెల్‌లో ఒక పట్టిక గీయండి. అడ్డు వరుస ఒక్కోటి ఒక్కో పత్రం. నిలువు గడులు మీ అంశానికి తగినట్టు పెట్టుకోవాలి. మీకైతే ఇవి ఉండి తీరాలి: అడిగిన ప్రశ్న, ఊరు, జిల్లా, సర్వే జరిగిన ఏడాది (ప్రచురణ ఏడాది వేరు, రెండూ రాయండి), "కౌలు రైతు" అని ఎవరిని లెక్కించారు, ఎన్ని కుటుంబాలు, ఎలా ఎంచుకున్నారు, అప్పు అంటే బాకీ మొత్తమా, ఆ ఏడాది తీసుకున్నదా, తేలిన విషయం, దానికి వారు చెప్పిన కారణం, ఆ కారణానికి చూపిన ఆధారం, పేజీ నంబరు. చివరి గడిలో మీ మాట, అంటే ఈ పత్రంతో మీకు ఎక్కడ పేచీ, ఎక్కడ పని.

"కారణం", "ఆధారం" గడులు వేర్వేరుగా ఉండాలని గట్టిగా చెబుతున్నాను. చాలా పత్రాల్లో కారణం ఉంటుంది, దానికి ఆధారం ఉండదు. పట్టికలో ఆ ఖాళీ గడి కనబడ్డప్పుడే సమీక్ష మొదలవుతుంది.

పట్టికను అడ్డంగా చదివితే బిబ్లియోగ్రఫీ వస్తుంది, నిలువుగా చదివితే అధ్యాయం వస్తుంది. "కారణం" గడిని పైనుంచి కిందికి చదవండి. నలభై పత్రాలున్నా అందులో మూడు నాలుగు రకాల జవాబులే ఉంటాయి. ఆ మూడు నాలుగే మీ ఉపశీర్షికలు. "అంతర్జాతీయ అధ్యయనాలు, జాతీయ అధ్యయనాలు, రాష్ట్ర స్థాయి అధ్యయనాలు" అని విడగొట్టే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో బలంగా ఉంది. అది పత్రాలను సర్దే పద్ధతి మాత్రమే, దానివల్ల ఏ ప్రశ్నకూ జవాబు దొరకదు. దాన్ని తీసేయండి.

మీరిచ్చిన ముక్కనే ఇలా రాయొచ్చు (త అనే నాలుగో పత్రాన్ని కలుపుకుని, వారి వాదనలు ఇలా ఉన్నాయనుకుని):

"కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు అందదన్న ప్రశ్నకు ఇంతవరకు రెండు రకాల జవాబులున్నాయి. సాగు చేస్తున్నట్టు చూపే కాగితం లేకపోవడమే అడ్డు అన్నది మొదటిది (క, ట). కాగితం ఉన్నా, అదే పొలం మీద యజమాని ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదన్నది రెండోది (చ, త). మొదటిది నిజమైతే సాగు చేస్తున్నట్టు చూపే కార్డులు ఇచ్చిన చోట బ్యాంకు రుణం పెరగాలి. రెండోది నిజమైతే యజమాని అప్పు లేని పొలాల్లోనే పెరగాలి. ఈ తేడా తేల్చడానికి యజమాని అప్పటికే రుణం తీసుకున్నాడా అన్న సమాచారం కావాలి. ఈ నాలుగింటిలో ఏదీ దాన్ని సేకరించలేదు."

ఇక్కడ రచయితల పేర్లు బ్రాకెట్‌లోకి వెళ్ళాయి, వాక్యానికి కర్తగా జవాబు వచ్చింది. మీ అధ్యాయంలో పేరా మొదటి మాటగా రచయిత పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒక వాదనకు ఆద్యులైన వారి దగ్గర, లేదా మీరు నేరుగా విభేదించే వారి దగ్గర పేరుతో మొదలుపెట్టవచ్చు. మిగతా చోట్ల వద్దు.

పల్లెపద్దు

నల్లబల్ల సార్ చెప్పిన పేరాలో గ్యాప్ దానంతటదే బయటపడింది, గమనించండి. గ్యాప్‌ను వేరే శీర్షిక పెట్టి "ఈ జిల్లాలో ఇంతవరకు ఎవరూ అధ్యయనం చేయలేదు" అని రాస్తే అది గ్యాప్ కాదు. దేశంలో అధ్యయనం జరగని మండలాలు వందలున్నాయి. అక్కడ చేయనందువల్ల మనకు తెలియకుండా పోయింది ఏమిటో చెప్పగలిగితేనే ఖాళీ అవుతుంది.

ఉపోద్ఘాతాలను పరిశీలించి జాన్ స్వేల్స్ 1990లో చెప్పిన మూడు అడుగులు ఇక్కడ బాగా పనికొస్తాయి. మొదట రంగాన్ని పరచడం, తర్వాత అందులో ఖాళీని చూపడం, ఆపైన ఆ ఖాళీలో మన పనిని నిలబెట్టడం. మన థీసిస్‌లలో మొదటి అడుగు పన్నెండు పేజీలు సాగుతుంది (వ్యవసాయం దేశానికి వెన్నెముక దగ్గర మొదలై), రెండోది ఒక్క వాక్యం, మూడోది "ఈ అధ్యయన లక్ష్యాలు" అని అయిదు అంశాలు. రెండో అడుగుకే ఎక్కువ చోటు కావాలి.

మీ అంశంలో అసలైన ఖాళీ చట్టాల్లోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు. యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు, అది కూడా 11 నెలలకు. సంతకం మధ్యలోకి వచ్చాక కౌలు రైతుకూ యజమానికీ బేరం మారిందా? ఊళ్ళో ఉండే యజమాని దగ్గర ఒక తీరు, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండే యజమాని దగ్గర ఇంకో తీరు ఉందా? మీ నాలుగు గ్రామాల్లో ఈ తేడా ఉంటే, ఆ గ్రామాలనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పడానికి కారణం కూడా దొరికినట్టే. అప్పుడు "ఫలానా జిల్లా: ఒక అధ్యయనం" అన్న శీర్షిక పెట్టాల్సిన అవసరం రాదు.

తెలంగాణతో పోల్చే ఆలోచన ఉంటే 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందిందనీ, కౌలుదారుకు కాదనీ రాయకుండా ముందుకు పోవద్దు. అది రాయకపోతే పోలికే చెల్లదు.

గణాంకం

పద్ధతుల సంగతి వారు చెప్పారు. అంకెల దగ్గర జరిగే తప్పుల గురించి నేను రాస్తాను. అప్పుల మీద వచ్చే థీసిస్‌లన్నీ జాతీయ నమూనా సర్వే 77వ రౌండును ఉటంకిస్తాయి (2019లో జరిగింది, నివేదిక నంబరు 587, 2021 సెప్టెంబరులో వచ్చింది). అందులోంచి కొన్ని అంకెలు ప్రతి చోటా కనిపిస్తాయి. వాటిని నాలుగు రకాలుగా తప్పు చదివే వీలుంది.

దేశంలో వ్యవసాయ కుటుంబాల్లో అప్పున్నవి 50.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7. సగటు బాకీ దేశానికి రూ. 74,121, ఆంధ్రప్రదేశ్‌కు రూ. 2,45,554, తెలంగాణకు రూ. 1,52,113.

మొదటి తప్పు: "అప్పుల్లో ఉన్న కుటుంబానికి సగటున రూ. 74,121 బాకీ ఉంది" అని రాయడం. ఆ సగటు అన్ని వ్యవసాయ కుటుంబాల మీద తీసింది, అప్పు లేనివాటిని కూడా కలిపి. అప్పున్న కుటుంబాల సగటు కావాలంటే 74,121ని 0.502తో భాగించాలి, సుమారు రూ. 1.48 లక్షలు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఇదే లెక్క వేస్తే సుమారు రూ. 2.63 లక్షలు. మొదటి పోలికలో ఆంధ్రప్రదేశ్ దేశానికి 3.3 రెట్లు, రెండో పోలికలో 1.8 రెట్లు. వాదన బలమే సగానికి వచ్చేసింది చూడండి. ఏ సగటు వాడుతున్నారో వాక్యంలోనే చెప్పాలి.

రెండో తప్పు: సంస్థాగత రుణం 69.6 శాతం అన్న అంకెను "69.6 శాతం రైతులకు బ్యాంకు, సహకార రుణం అందింది" అని రాయడం. అది బాకీ మొత్తంలో వాటా. రైతుల్లో వాటా కాదు. పెద్ద కమతాల వారు పెద్ద రుణాలు తీసుకుంటారు కనుక డబ్బులో వాటా ఎక్కువగానే కనబడుతుంది. కౌలు రైతుల థీసిస్‌లో ఈ తప్పు ప్రాణాంతకం, ఎందుకంటే మీ వాదనంతా అందని వారి గురించే.

మూడోది ఏళ్ళ మధ్య పోలిక. 70వ రౌండులో (2013) దేశంలో అప్పున్న కుటుంబాలు 51.9 శాతం, 77వ రౌండులో 50.2. "అప్పుల భారం 1.7 శాతం తగ్గింది" అని రాస్తే రెండు తప్పులు. తగ్గింది 1.7 శాతం కాదు, 1.7 శాతం పాయింట్లు. పైగా వ్యవసాయ కుటుంబం నిర్వచనమే మారింది: 70వ రౌండులో ఏడాదికి రూ. 3,000 కన్నా ఎక్కువ విలువైన వ్యవసాయ ఉత్పత్తి ఉండాలి, 77వ రౌండులో రూ. 4,000 కన్నా ఎక్కువ. ఇంకా వెనక్కి 2003 నాటి 59వ రౌండుకు వెళ్తే అక్కడ లెక్క భూమి చేతిలో ఉన్న రైతు కుటుంబానిది. మూడు రౌండ్లనూ ఒకే గీతలో కలిపి గ్రాఫ్ గీస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న అదే అవుతుంది. గ్రాఫ్ కింద నిర్వచనాల తేడా రాయండి, లేదా గీత కలపకుండా విడి స్తంభాలుగా చూపండి.

నాలుగోది: 59వ రౌండులో ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 82 శాతం ఉమ్మడి రాష్ట్రానిది. దాని పక్కన 77వ రౌండులోని 93.2 పెట్టి పెరుగుదల అనకూడదు.

పట్టిక కింద రాసే పేరా గురించి కూడా ఒక మాట. పట్టికలో ఉన్న అంకెలన్నీ మళ్ళీ వాక్యాల్లో చదివి వినిపించొద్దు. ఒక్క పోలిక ఎంచుకుని, అది మీ ప్రశ్నకు ఏం చెబుతోందో రాయండి. పట్టికకు మూడు వాక్యాలు చాలు: ఏం చూడాలి, ఎంత తేడా, ఎందుకు నమ్మవచ్చు లేదా నమ్మకూడదు.

పల్లెపద్దు

గణాంకం గారి మాటకు తోడుగా, ఊళ్ళో సేకరించిన లెక్కల్లోనూ ఇలాంటివే ఉంటాయి. రైతు "రెండు రూపాయల వడ్డీ" అంటాడు. అది నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి సాదా వడ్డీ 24 శాతం. ఇంగ్లీషులో ఉత్త "రెండు శాతం" అని రాస్తే బయటి ఎగ్జామినర్ బ్యాంకు వడ్డీ కన్నా తక్కువ అనుకుంటాడు. అయిదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. ఒకసారి మాటను ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ఏడాది లెక్క ఇచ్చి, తర్వాత థీసిస్ అంతా ఏడాది లెక్కే వాడండి.

కొలతలు కూడా అంతే. కోస్తాలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 కుంటలు, కనుక కుంట అంటే రెండున్నర సెంట్లు. కౌలు బస్తాల్లో చెబితే ఆ ఊళ్ళో బస్తా ఎన్ని కిలోలో అడిగి రాసుకోవాలి. డెల్టా ధాన్యంలో సాధారణంగా 75 కిలోల లెక్క నడుస్తుంది, అన్ని చోట్లా కాదు. మొదటి అధ్యాయం చివర ఒక పేజీ కొలతల పట్టిక పెడితే చదివేవారికి పెద్ద మేలు.

రైతు మాటలను ఉటంకించేటప్పుడు ఒక్కో ఉటంకింపు కింద లింగం, వయసు, సామాజిక వర్గం, సొంత భూమి, కౌలు భూమి, ఇంటర్వ్యూ నెల ఇవ్వండి. పేరు మార్చండి. ఊరి పేరు కూడా మార్చి, అదే పేజీలో "ఫలానా ఆలయం పక్కన, ఫలానా కాలువ చివర" అని రాస్తే ఊరు తెలిసిపోతుంది. వడ్డీ వ్యాపారి గురించి చెప్పిన రైతుకు అది నిజంగా ప్రమాదం.

మెట్టపొలం

మూడు జవాబులకూ కృతజ్ఞతలు. పట్టిక మొదలుపెట్టాను. ఇంకో సందేహం: వాదన తెలుగులో ఆలోచించి రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చడం మంచిదేనా, మొదటి నుంచీ ఇంగ్లీషులోనే రాయాలా?

నల్లబల్ల

తెలుగులో రాసుకోండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారి డ్రాఫ్టుల్లో భాషా దోషాల కన్నా పెద్ద సమస్య, ఇంగ్లీషులో తమకు వచ్చిన వాక్యాలనే ఆలోచనగా సరిపెట్టుకోవడం. "రుణ లభ్యత ఒక ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది" లాంటివి ఇంగ్లీషులో అలవోకగా వస్తాయి, ఏమీ చెప్పవు. అదే విషయం తెలుగులో ఊళ్ళో మనిషికి చెప్పినట్టు రాస్తే ఎవరు ఎవరికి ఎందుకు అప్పివ్వడం లేదో చెప్పక తప్పదు.

అచ్చుతప్పు

నల్లబల్ల గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. పూర్తి పేరాలు తెలుగులో రాసి మార్చడం వల్ల రెండు నష్టాలు కనబడుతున్నాయి. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, కారణాలన్నీ ముందు వస్తాయి. దాన్ని అలాగే దించితే ఇంగ్లీషు వాక్యం నలభై యాభై మాటలు సాగి అసలు సంగతి చివర్లో పడుతుంది. రెండోది, ఇప్పుడు చాలామంది ఆ మార్పిడిని యంత్రానికి అప్పజెబుతున్నారు. కౌలు, గుత్త, పాలు (పంటలో వాటాకు సాగు) మూడూ ఒకే ఇంగ్లీషు మాటగా మారిపోతున్నాయి. మీ థీసిస్‌కు ఆ మూడింటి మధ్య తేడాయే ప్రాణం.

నా సూచన: వాదన ఎముకలగూడు తెలుగులో, పేరాలు ఇంగ్లీషులో. ఒక్కో పేరాకు ఒక్క తెలుగు వాక్యం రాసుకుని, దాన్ని పైన పెట్టుకుని కింద ఇంగ్లీషు పేరా రాయండి.

నల్లబల్ల

ఆ మధ్యేమార్గానికి అభ్యంతరం లేదు. ఒక్క షరతు: ఆ తెలుగు వాక్యం శీర్షికలా ఉండకూడదు. "కౌలు చట్టాలు" అని రాసుకుంటే పనికిరాదు. "సంతకం నిబంధన వచ్చాక కార్డు యజమాని చేతిలో పనిముట్టయింది" అంటే అది వాక్యం, దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు.

ఇదే పద్ధతి డ్రాఫ్టు అయ్యాక తిరగేసి వాడండి. పూర్తయిన అధ్యాయంలో ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో అది చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో రాయండి. పేరాకు రెండొందల మాటలనుకుంటే తొమ్మిది వేల మాటల అధ్యాయానికి నలభై అయిదు వాక్యాలు. ఆ నలభై అయిదింటినీ వేరే కాగితం మీద వరుసగా చదవండి. ఒకే వాక్యం రెండు చోట్ల వస్తే ఆ పేరాలు కలపాలి. వాక్యం రాయలేకపోయిన పేరా తీసేయాలి. రెండు వాక్యాల మధ్య "కాబట్టి" గానీ "అయితే" గానీ పెట్టలేకపోతే వరుస తప్పింది. మీ 58 పేజీలు ఈ పరీక్షలో ముప్ఫైకి వస్తాయి, రావాలి కూడా.

అచ్చుతప్పు

సిమిలారిటీ సంగతి ఇప్పుడు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 పైన 40 వరకు ఉంటే సవరించి మళ్ళీ ఇవ్వాలి, గడువు ఆరు నెలలు మించదు. 40 పైన 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సరిగా ఆధారం చూపిన ఉటంకింపులు, రెఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. సాధారణ పదబంధాలు, యాదృచ్ఛికంగా కలిసిన వరుస మాటలు 14 వరకు వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్ నడిపే గ్రంథాలయంలో ఈ మినహాయింపులు సెట్టింగుల్లో పెట్టారో లేదో అడగండి. పెట్టకపోతే రెఫరెన్సుల జాబితా ఒక్కటే శాతాన్ని చాలా పెంచేస్తుంది.

ఇక్కడ బాధ కలిగించే విషయం ఒకటుంది. పది శాతం కింద ఉంటే దొంగతనం లేనట్టే అని చాలామంది నమ్ముతున్నారు. యంత్రం చూసేది మాటల పోలికనే. ఒకరి వాదన మొత్తాన్ని పేరు చెప్పకుండా మాటలు మార్చి రాస్తే శాతం సున్నా రావచ్చు, అయినా అది చౌర్యమే. మాటకు మాట మార్చడం అసలు పారాఫ్రేజ్ కాదు. సరైన క్రమం ఇది: భాగం చదవండి, మూసేయండి, కాసేపు వేరే పని చేయండి, చూడకుండా మీ మాటల్లో రాయండి, అప్పుడు తెరిచి పోల్చండి. అర్థం తప్పితే దిద్దండి, ఏదైనా పదబంధం యథాతథంగా దిగితే కోట్స్‌లో పెట్టండి. సైటేషన్, పేజీ నంబరు ఆ క్షణమే వేయండి. తర్వాత వేద్దామనుకున్న పేజీ నంబర్లే సబ్మిషన్ ముందు వారాలను మింగేస్తాయి.

రెఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ జోటెరో ఉచితం, ఆన్‌లైన్‌లో 300 ఎంబీ వరకు దాచుకోవచ్చు, నోట్సుకూ సైటేషన్లకూ అది సరిపోతుంది. మన పేర్లతో మాత్రం జాగ్రత్త. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు పొడి అక్షరంగా మాత్రమే ఉంటుంది. వెబ్‌సైటు నుంచి దించుకున్నప్పుడు ఒకే రచయిత మూడు రకాలుగా పడతాడు: చివర్లో "రెడ్డి" ఉంటే ఒకచోట రెడ్డి కింద, ఇంకోచోట పూర్తి పేరు కింద, మరోచోట పొడి అక్షరం కింద. జాబితా మూడు చోట్లకు చీలిపోతుంది. రచయిత తన పత్రాల్లో ఎలా రాసుకున్నారో చూసి ఒక్క రూపం ఖాయం చేసుకోండి. ఏపీఏ (రెఫరెన్సులు రాసే ఒక పద్ధతి) 7వ కూర్పు వాడుతుంటే ముగ్గురు, అంతకు మించి రచయితలుంటే మొదటిసారి నుంచే మొదటి పేరు, "తదితరులు" అన్న పద్ధతి. 40 మాటలు, ఆపైన ఉన్న ఉటంకింపు విడి పేరాగా, కోట్స్ లేకుండా.

ఏఐ చాట్ పరికరాలు ఇచ్చే రెఫరెన్సులను ఒక్కోటీ తెరిచి చూడకుండా జాబితాలో చేర్చొద్దు. నిజమైన రచయిత, నిజమైన పత్రిక, లేని పత్రం అన్న కలయిక వాటిలో తరచూ వస్తుంది. అలాంటిది ఒక్కటి దొరికినా ఎగ్జామినర్ మిగతా జాబితాను నమ్మరు.

మెట్టపొలం

ప్రచురణ తప్పనిసరా అన్న దాని మీద ఇక్కడ ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు.

నల్లబల్ల

యూజీసీ 2016 నిబంధనల్లో సబ్మిషన్‌కు ముందు కనీసం ఒక రిఫరీడ్ జర్నల్ పత్రం, రెండు సదస్సు పత్రాలు ఉండాలి. 2022 నిబంధనల్లో ఆ షరతు లేదు. మీ విశ్వవిద్యాలయం సొంత నిబంధన పెట్టి ఉండవచ్చు, మీ రిజిస్ట్రేషన్ తేదీకి వర్తించే ఆర్డినెన్సు కాపీ తీసుకుని చదవండి. యూజీసీ కేర్ జాబితాను (యూజీసీ గుర్తించిన పత్రికల జాబితా) 2025లో ఎత్తేశారు కనుక పత్రికను తూచే బాధ్యత ఇప్పుడు మనదే. డబ్బు కట్టగానే మూడు రోజుల్లో అంగీకార పత్రం ఇచ్చేది, ఒకే సంచికలో నర్సింగ్, తెలుగు సాహిత్యం, సివిల్ ఇంజనీరింగ్ కలిపి వేసేది పనికిరాదు. మీ పట్టికలో మీరు మెచ్చిన నలభై పత్రాలు ఏ పత్రికల్లో వచ్చాయో చూడండి, పంపాల్సిన చోటు అక్కడే దొరుకుతుంది.

అధ్యాయాన్ని కత్తిరించి పత్రం చేయొద్దు. అధ్యాయం కమిటీకి అన్నీ చదివారని చూపాలి. పత్రం ఒక్క విషయం తేల్చాలి. సర్వేలోంచి ఒక ఫలితం తీసుకుని, దానికి కావలసినంత సమీక్ష రెండు పేజీల్లో కొత్తగా రాయండి. ముందు అచ్చైన భాగం థీసిస్‌లో వస్తే ఆ సంగతి అధ్యాయం మొదట్లోనే చెప్పండి, సిమిలారిటీ నివేదికతో పాటు వివరణ కూడా జతచేయండి.

మెట్టపొలం

పట్టిక 44 పత్రాలతో పూర్తయింది. "ఆధారం" గడి 17 చోట్ల ఖాళీ. కొత్తగా రాసిన ఒక పేరా ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, దయచేసి నిర్మొహమాటంగా చెప్పండి:

"కౌలు రైతులు వడ్డీ వ్యాపారుల మీద ఆధారపడటానికి బ్యాంకు రుణం లేకపోవడమే కారణమని ఎక్కువ అధ్యయనాలు భావించాయి. అయితే బ్యాంకు రుణం పొందిన కౌలు రైతులు కూడా వ్యాపారి దగ్గర అప్పు చేస్తున్నారని మా సర్వే నిరూపించింది. ఎరువు దుకాణదారు అప్పిచ్చి పంట తనకే అమ్మాలని షరతు పెడుతున్నాడు. కనుక బ్యాంకు రుణం పెంచితే సమస్య తీరదు."

గణాంకం

బాగా మెరుగైంది, వాదన కనబడుతోంది. మూడు సవరణలు.

"ఎక్కువ అధ్యయనాలు" వద్దు. 44లో ఎన్నో మీ పట్టికలోనే ఉంది, ఆ అంకె రాసి సైటేషన్లు ఇవ్వండి. "నిరూపించింది" తీసేయండి. నాలుగు గ్రామాల్లో 120 కుటుంబాలు ఒక ధోరణిని చూపగలవు, ఒక సాధారణ సూత్రానికి మినహాయింపు ఉందని చూపగలవు, రాష్ట్రానికి నిరూపించలేవు. వాటిలో బ్యాంకు రుణం పొందినవారు పాతిక మందే అయితే శాతం బదులు సంఖ్యే రాయండి: "25 మందిలో ఇంతమంది".

చివరి వాక్యం దూకింది. రెండు అప్పులూ ఉన్నాయని చూపినంత మాత్రాన బ్యాంకు రుణం పెరిగితే ప్రభావం ఉండదని తేలదు. బ్యాంకు రుణం సరిపోనంత చిన్నదై ఉండవచ్చు. రుణం ఎంత, ఎకరా సాగు ఖర్చు ఎంత, మధ్యలో లోటు ఎంత అన్న మూడూ మీ దగ్గరుంటే ఆ లోటును వ్యాపారి అప్పుతో పోల్చి చూడండి. లోటు లేని కుటుంబాలు కూడా వ్యాపారి దగ్గరికి వెళ్తుంటే మీ వాదన నిలుస్తుంది.

పల్లెపద్దు

ఇంకొకటి. సమీక్ష అధ్యాయంలో మీ సర్వే ఫలితం వచ్చేసింది. అది అయిదో అధ్యాయానికి వెళ్ళాలి. ఇక్కడ ప్రశ్న దగ్గర ఆపండి: "బ్యాంకు రుణం ఉన్నవారు కూడా వ్యాపారి దగ్గర అప్పు చేస్తారా, చేస్తే లోటు వల్లా, పంట అమ్మకపు షరతు వల్లా అన్నది ఈ అధ్యయనాలు విడదీయలేదు." యజమాని రుణం గురించిన ప్రశ్న మీ ప్రశ్నావళిలో ఉందో లేదో కూడా చూసుకోండి. అడగని ప్రశ్నను గ్యాప్‌గా చూపితే వైవాలో జవాబు ఉండదు. లేకపోతే ఆ 120 కుటుంబాల్లో కార్డు ఉన్నవారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఆ ఒక్క ప్రశ్నా అడిగి రావచ్చు, తేదీ వేరుగా నమోదు చేయండి.

మెట్టపొలం

ప్రశ్నావళిలో లేదు. కార్డున్న కుటుంబాలు 31. పంట కోతలకు ముందే వెళ్ళాలి. గైడు గారికి ఏం పంపాలి? అధ్యాయం మొత్తమా?

నల్లబల్ల

వద్దండీ. ఎనిమిది పది పేజీలు, ఒక ఉపశీర్షిక మాత్రమే. పైన అర పేజీ లేఖ: ఈ భాగం చెప్పేది ఒక్క వాక్యంలో, గతసారి వ్యాఖ్యల్లో ఏవి ఎక్కడ సరిచేశారో పేజీ నంబర్లతో, మీరు అడిగే రెండు ప్రశ్నలు. "ఎలా ఉంది సార్" అని అడిగితే స్పెల్లింగులు దిద్ది పంపిస్తారు. "మూడో పేజీలో కాగితం వాదనను, యజమాని రుణం వాదనను విడగొట్టిన తీరు మీకు సమ్మతమేనా" అని అడిగితే దానికి జవాబు వస్తుంది. మళ్ళీ సర్వేకు వెళ్ళే సంగతి ఆ లేఖలోనే రాసి, అనుమతి లిఖితంగా తీసుకోండి, పద్ధతుల అధ్యాయంలో ఆ తేదీ కావాల్సి వస్తుంది.